రాజేశం కాక మెడ కోసింది నేనే

కొన్నేళ్ళుగా ఒక తలకాయ మోస్తున్నాను. నాది కాదు, రాజేశం కాకది. అసలు తల ఆయన భుజాల మీద భద్రంగానే ఉంది, రోజూ పొద్దున దానికి కొబ్బరినూనె కూడా పట్టిస్తాడు. నేను మోసేది ఫోమ్ బోర్డు తల. చేత్తో పట్టుకుంటే విస్తరాకంత బరువు ఉండదు. అయినా మోయలేకపోతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పాలంటే వాళ్ళ మొహం చూడాలి. నా పేరు రాయను. గోదావరిఖనిలో ఫ్లెక్సీలు, స్టిక్కర్లు, బోర్డులు చేసే దుకాణాలు వీధికొకటి ఉన్నాయి. మాది వాటిలో ఒకటి, అంతవరకే. మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు తయారు చేస్తాడు. కోత మిషన్ నాది. మంచమంత బల్ల అది. దాని మీద బోర్డు పరిస్తే కింద నుంచి గాలి పీల్చి కదలకుండా పట్టుకుంటుంది. పైన ఇనుప చెయ్యి ఒకటి గీత వెంబడి తిరుగుతూ కోస్తుంది. ఆ చేతి కొసన ఉండేది అగ్గిపుల్లంత కార్బైడ్ బ్లేడు. అంత మిషన్‌లోనూ పని చేసేది ఆ అగ్గిపుల్లే, మిగతాదంతా దానికి ఊడిగం.

కార్బైడ్ గట్టిదే. కానీ మొండిది, వంగదు. బోర్డులో చిన్న పిన్ను దాక్కుని ఉన్నా చాలు, మొన టక్కున పోతుంది. నేను చాలా విరగ్గొట్టాను. విరిగినప్పుడల్లా మా ఆయన కంప్యూటర్ దగ్గర నుంచి తల తిప్పకుండానే అనేవాడు.

"మళ్ల ఇరగ్గొట్టినవా? నీకు బ్లేడ్లు తెచ్చుడు కంటే బర్రెకు దాణా తెచ్చుడు నయం. పాలన్న ఇస్తది."

నవ్వుతూనే అనేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నా స్వభావమే అంత, ఎవరైనా నా పనిని ఎగతాళి చేస్తే ఆ రోజు అన్నం కూడా సయించదు. ఒకరోజు ఎదురు తిరిగాను. ఇకమీదట బ్లేడ్లు ఏవి తెప్పించాలో నేనే చూసుకుంటాను, విరిగిందన్న మాట నీ చెవిన పడితే అప్పుడడుగు అన్నాను. ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

హైదరాబాద్‌లో బ్లేడ్లు అమ్మే అతనికి ఫోన్ చేశాను. అతను మంచివాడు, ముందు అడగాల్సిందే అడిగాడు. మేడం, మీరు ఎక్కువగా ఏం కోస్తారు అని. నేను దానికి జవాబు చెప్పాలి కదా. అక్షరాలు కోస్తాం, మనుషుల బొమ్మలు కోస్తాం, వంపులూ మూలలూ ఎక్కువ అని చెప్పాలి కదా. నేనేమన్నానంటే, "ఏది ఇరగదో అది పంపు అన్నా." అంతే. ఏం కోయాలో చూసి ఎంచుకోవలసిన వస్తువును మొగుడి ముందు పరువు పోకుండా ఏది కాపాడుతుందో చూసి ఎంచుకున్నాను. ఇప్పటికీ ఆలోచిస్తే అక్కడే మొదలైంది కథంతా.

మీకు కొంచెం విసుగైనా ఒక్క సంగతి చెప్పాలి. బ్లేడ్లలో ఒక రకానికి అంచు దాదాపు నిటారుగా ఉంటుంది. మూలల్లో చక్కగా తిరుగుతుంది, కానీ మొన సన్నం, త్వరగా విరుగుతుంది. ఇంకో రకానికి అంచు ఏటవాలుగా ఉంటుంది. అది బలం, చాలాకాలం వస్తుంది, పొడవాటి గీతలకు దాన్ని మించింది లేదు. కాకపోతే ఏటవాలు బ్లేడుతో మందమైన బోర్డు కోసేటప్పుడు, మూల దగ్గర అడుగు దాకా తెగాలంటే పైన గీత ఆ మూలను దాటి కాస్త ముందుకు పోవాలి. పలక మీద గీత గీస్తూ ఆపాల్సిన చోట ఆపకుండా ఇంకాస్త లాగినట్టు. నలుచదరపు బోర్డుకి అది బయట పడుతుంది, నష్టం లేదు. లోపలికి తిరిగే మూలకైతే ఆ గీత బొమ్మలోకే దిగుతుంది.

మనిషి బొమ్మలో లోపలికి తిరిగే మూల ఎక్కడుంటుందో ఒకసారి అద్దంలో చూసుకోండి. మెడ భుజాన్ని కలిసే చోట. అటొకటి, ఇటొకటి.

అతను ఇదంతా ఫోన్‌లో చెప్పాడు. నేను ఊఁ కొట్టాను. ఏటవాలువే ఒక పెట్టె తెప్పించాను. నెలల తరబడి ఒక్కటి విరగలేదు. ఇంటి నేమ్‌ప్లేట్లు, దుకాణాల బోర్డులు వెన్నలా తెగాయి. వచ్చిన ప్రతివాళ్ళకీ బ్లేడ్ల గురించి పాఠం చెప్పేదాన్ని, వాళ్ళు అడిగినా అడగకపోయినా. కాలనీలో నాకు బ్లేడక్క అని పేరు పడింది. అది మర్యాద కోసం పెట్టిన పేరు కాదని ఆలస్యంగా తెలిసింది.

అలాంటి రోజుల్లో రాజేశం కాక రిటైర్మెంటు వచ్చింది. మా దగ్గర బాయి పని నుంచి మనిషి దిగిపోయే రోజంటే చిన్న సంగతి కాదు. ఇన్నేళ్ళు బొగ్గుబాయిలోకి దిగి ప్రతిసారీ పైకి వచ్చినవాడు, ఇక దిగనక్కర్లేదు. అందుకని డప్పులతో ఇంటికి తీసుకొస్తారు, క్వార్టర్ల ముందు టెంటు వేస్తారు, ఆఫీసరును పిలుస్తారు, దండలతో మనిషిని ముంచేస్తారు. ఈ మధ్య దానికి నిలువెత్తు బొమ్మ కూడా తోడైంది. రాజేశం కాక ఎన్నడూ సూటు తొడిగిన మనిషి కాదు. మా ఆయన కంప్యూటర్‌లో నల్ల సూటు, ఎర్ర టై వేసి, చేతులు జోడింపజేశాడు. బొమ్మను దగ్గరుండి చేయించింది ఓదెలు కాక, రాజేశం కాక భార్య పోసక్కకు తమ్ముడు. బావా బామ్మర్దులు ఒకే బాయిలో పని చేసేవాళ్ళు, ఒకే బండి మీద డ్యూటీకి పోయేవాళ్ళు. ఒకరి టిఫిన్ డబ్బాలో ఇంకొకరు చెయ్యి పెట్టేవాళ్ళు.

కోత నేను పెట్టాను. ఆ ఏటవాలు బ్లేడుతోనే. రాజేశం కాకది సన్నటి మెడ. గీత అటు నుంచి లోపలికి కొంచెం పోయింది, ఇటు నుంచి కొంచెం పోయింది. బయట డప్పులవాళ్ళు వచ్చేశారని ఫోన్ల మీద ఫోన్లు. ఆ హడావుడిలో మెడ దగ్గర నేను చూసుకోలేదు. ఓదెలు కాక బొమ్మను చంటిపిల్లలా పట్టుకుని ఆటోలో తీసుకుపోయాడు. వెనకే నేనూ మా ఆయనా భోజనానికి పోయాం.

టెంటులో కుర్చీ మీద రాజేశం కాక. పక్క కుర్చీలో ముఖ్య అతిథిగా మేనేజర్ సారు, చేతిలో బూందీ ప్లేటు. ఇద్దరి వెనక సూటు వేసుకున్న ఇంకో రాజేశం కాక. దండలు పడుతూనే ఉన్నాయి. కాక కళ్ళ దాకా పూలు వచ్చాక, మిగతావి తీసి బొమ్మకు వేయడం మొదలుపెట్టారు. అది మా దగ్గర మామూలే. ఆఖరున ఓదెలు కాక గజమాల తెచ్చాడు. ఇద్దరు మోయాల్సిన దండ. ముందు బావకు వేసి, ఫోటో దిగి, బావకు ఊపిరాడడం లేదని తీసి, అందరూ చప్పట్లు కొడుతుంటే బొమ్మ మెడలో వేశాడు.

తల వెంటనే పడలేదు. ముందు మెల్లగా వంగింది, అవునవును అన్నట్టు. తర్వాత వచ్చి మేనేజర్ సారు ఒళ్ళో, సరిగ్గా బూందీ ప్లేటులో, మొహం పైకి పెట్టుకుని పడింది. నవ్వుతూనే ఉంది. వెనక మొండెం చేతులు జోడించి నిలబడే ఉంది. డప్పులు ఆగిపోయాయి. సారు ఆ తలను ఏం చేయాలో తెలియక కాసేపు పట్టుకుని, చివరికి ఎంతో మర్యాదగా పక్కకు తిరిగి రాజేశం కాక చేతికిచ్చాడు. "మీది" అన్నాడు.

నవ్వొచ్చిందా మీకు? నాకూ వచ్చింది. పోసక్క కేక విన్నాక ఆగిపోయింది. కట్టుకున్నవాడు ఇన్నేళ్ళు బాయి నుంచి క్షేమంగా బయటపడ్డ రోజున, సొంత తమ్ముడి చేతుల మీదుగా, వాడి తల తెగి పడింది. బోర్డుదే కావచ్చు. ఆమెకు అదంతా కనబడలేదు.

బాయి పని చేసేవాళ్ళ మధ్య ఏదైనా కూలితే ఎంక్వయిరీ జరిగి తీరాలి. అది వాళ్ళ రక్తంలో ఉంది. ఆ టెంటులోనే, బగారన్నం చల్లారిపోతుండగా, బాయిలో షిఫ్టు పని అజమాయిషీ చేసిన పాత ఓవర్‌మన్ ఒకాయన లేచి మొదలుపెట్టాడు. అందరినీ వెనక్కి జరగమన్నాడు. ఎవరూ ఏమీ ముట్టుకోవద్దన్నాడు. బొమ్మను నిలబెట్టింది ఎవరు? ఓదెలు. సపోర్టు కట్టింది ఎవరు? ఓదెలు. చివరగా ముట్టుకున్నది ఎవరు? ఓదెలు. మీకింకో మాట చెప్పాలి. బాయిలో ఓదెలు కాక పనే అది. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా సపోర్టులు నిలబెట్టడం. ఆయన నిలబెట్టిన చోట ఇసుమంత పెళ్ళ రాలలేదని బాయంతా చెప్పుకునేవాళ్ళు.

తర్వాత ఓవర్‌మన్ రాజేశం కాక ఒళ్ళోంచి తల తీసి నా చేతికిచ్చాడు.

"బిడ్డా, కోసినదానివి నువ్వు. మంచిగ సూసి చెప్పు. బోర్డుల ఏమన్న లోపమున్నదా?"

అటూ ఇటూ తిప్పి చూశాను. విరిగిన చోట రెండు పక్కలా నున్నటి కోత. నడుమ మాత్రం వేలెడు మేర గరుకు. ఆ వేలెడే అంతసేపూ తలను మోసింది. చూడగానే తెలిసిపోయింది నాకు. మా ఆయన నా వైపే చూస్తున్నాడు.

"లోపం లేదు కాకా. గంత బరువు దండ ఏసి గుంజితే ఏ మెడ ఆగుతది?"

"గుంజిండా?"

అప్పుడైనా ఆగొచ్చు కదా నేను? తెలియదు, నేను చూడలేదు అంటే ఎవరు కాదంటారు? "గుంజినట్టే అనిపిచ్చింది" అన్నాను.

"నేను గుంజలే బావా, అమ్మతోడు!" అన్నాడు ఓదెలు కాక.

"తలకాయ తెగి నా చేతుల వడ్డది ఓదెలుగా. ఇంక గుంజలే అంటవేంది?"

ఎవరో వెనక నుంచి, బావ తన కన్నా ముందు దిగిపోతున్నాడని కడుపుమంట అన్నారు. ఇంకెవరో అవునన్నారు. ఎంక్వయిరీ ముగిసింది. ఓదెలు కాక బగారన్నం తినకుండా వెళ్ళిపోయాడు. నేను తిన్నాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాను, తినకపోతే అనుమానిస్తారేమోనని.

తర్వాత నేను ఆ బ్లేడ్ల పెట్టె తీసి పక్కన పడేసి, నిటారు రకం తెప్పించాను. అవి విరుగుతుంటే మా ఆయన ఎగతాళి చేశాడు. పడ్డాను. పడాల్సిందే అనుకున్నాను. అదే నా శిక్ష అని సరిపెట్టుకున్నాను కూడా. ఎంత తేలిక శిక్ష వేసుకున్నానో చూడండి.

ఓదెలు కాక బావ ఇంటి మీదుగా పోయే దారి మానేసి చుట్టు తిరిగి పోవడం నేను దుకాణం లోంచి చూసేదాన్ని. రాఖీ పున్నానికి పోసక్క గుమ్మంలో నిలబడి వీధి చూసి లోపలికి పోవడం కూడా చూశాను. కబురు చేద్దామంటే ఆమెకు భయం, పోదామంటే ఆయనకు రోషం. వాళ్ళే సర్దుకుంటారులే అనుకున్నాను. సర్దుకోలేదు.

ఈ ఏడు ఓదెలు కాక రిటైర్మెంటు వంతు వచ్చింది. ఒక మధ్యాహ్నం ఒక్కడే దుకాణానికి వచ్చాడు. మా ఆయన కరీంనగర్ పోయాడు. కాక ఫోన్‌లో తన ఫోటో చూపించాడు.

"నలుపలకల బోర్డు చెయ్యి బిడ్డా. చుట్టూ కొయ్యకు. మెడ గిట్ల ఏం వద్దు."

"ఎందుకు కాకా? నిలువు బొమ్మ మంచిగుంటది గద."

"వద్దు. దండలు గూడ వద్దన్న ఇంట్ల. నా చెయ్యి మంచిది కాదు." తన అరచేతులు చూసుకున్నాడు. "ఇన్నేండ్లు బాయి పైకప్పు నిలవెట్టిన. మా బావ తలకాయ నిలవెట్టలేకపోయిన. గప్పటి సంది సపోర్టు మీద చెయ్యేస్తే వణుకుడే. సారును అడిగి బాయి దిగకుండ పైన డ్యూటీ ఏసుకున్న. నీకు ఎర్క లేదా?"

నాకు ఎరుక లేదు. బావతో మాటలు పోయాయని తెలుసు. తన చేతుల మీద తనకు నమ్మకం పోయిందని తెలియదు. ఏడుపు వచ్చింది, దాని వెంటే మాట కూడా వచ్చింది. "నీ చెయ్యి కాదు కాకా. నా బ్లేడు" అన్నాను.

బీరువాలోంచి ఆ పెట్టె తీశాను. బోర్డు ముక్క మీద రెండు రకాలతోనూ కోసి చూపించాను. ఆయన వేలితో ఆ మూలను తడిమాడు. చాలాసేపు తడిమాడు. తిడతాడనుకున్నాను, కొడతాడని కూడా అనుకున్నాను.

"మా అక్కకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?" అన్నాడు.

నేనే పోయాను. రాజేశం కాక ముందు, పోసక్క ముందు, మళ్ళీ బోర్డు ముక్కలు పరిచి మళ్ళీ అదే పాఠం. నేను మెడ మూల గురించి చెప్తున్నంతసేపూ రాజేశం కాక తెలియకుండానే తన మెడ తడుముకుంటూ కూర్చున్నాడు. అంతా విని, "నువ్వు పని తెలిసినదానివి అని నీ మాట నమ్మిన బిడ్డా. నా బామ్మర్ది ఒట్టేసినా నమ్మలే" అన్నాడు. పోసక్క మాత్రం బోర్డు ముక్కల వైపు చూడనే లేదు.

"మూడు రాఖీ పున్నాలు పోయినయి. నా తమ్ముడు నా గడప తొక్కలే. గవి ఎవలిస్తరు? నువ్విస్తవా?"

ముక్కలు ఏరుకుని వచ్చేశాను.

ఓదెలు కాక బొమ్మ వేరే దుకాణంలో చేయించారు. నిలువెత్తుదే, మెడతో సహా. రాజేశం కాకే దండ వేశాడని, వేశాక కాసేపు పక్కనే నిలబడి మెడ వైపు చూశాడని విన్నాను. మమ్మల్ని పిలవలేదు. విషయం ఇంట్లోనూ తెలిసింది. మా ఆయన ఎగతాళి మానేశాడు, నాకదే ఎక్కువ కష్టంగా ఉంది. కాలనీలో నా పేరు మారింది. ఇప్పుడు మెడలు కోసే ఆమెను.

సాయంత్రాలు బావా బామ్మర్దులు చౌరస్తా దగ్గర అరుగు మీద కూర్చుంటున్నారు. మూడేళ్ళ కబుర్లు మిగిలిపోయి ఉంటాయి అనుకున్నాను. కాదు, నన్ను తిడుతున్నారు. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకుంటున్నారు. నేను ఆ దారిన పోతే గొంతు తగ్గించరు. "గో, వస్తున్నది సూడు" అని ఒకరు, "మెడ దాసుకో బావా" అని ఇంకొకరు. నాకు కోపం రావాలి కదా, నా స్వభావం మీకు చెప్పాను కదా. రాదు. స్కూటీ కొంచెం నెమ్మది చేస్తాను, ఇంకో రెండు మాటలు వినబడతాయని.

ఇంతవరకు చెప్పింది వాళ్ళకూ తెలుసు. ఇది రాయడానికి కూర్చున్నది దాని కోసం కాదు.

పైన ఒకచోట, హడావుడిలో మెడ దగ్గర చూసుకోలేదు అని రాశాను. ఓదెలు కాకకూ అదే చెప్పాను, పోసక్కకూ అదే. రాస్తుంటే చెయ్యి దానంతటదే ఆ మాట రాసేసింది, ఇన్నేళ్ళు అలవాటైపోయింది కదా. నేను చూశాను. బల్ల మీద నుంచి బొమ్మను లేపుతుంటే తల ఊగింది. మళ్ళీ అచ్చు వేయాలంటే మా ఆయనకు చెప్పాలి. బ్లేడు తప్పని ఒప్పుకోవాలి. వెనక వైపు తెల్లగా ఉంటుంది, ఎవరూ చూడరు. అడ్డంగా ఒక బెత్తెడు తెల్ల టేపు అతికించాను. దండలు వేయొద్దని చెబుదామని నోటిదాకా వచ్చింది, చెబితే ఎందుకని అడుగుతారని మింగేశాను. ఆ ఓవర్‌మన్ తలను నా చేతికిచ్చినప్పుడు అటూ ఇటూ తిప్పానని చెప్పాను కదా, ఎందుకు తిప్పాననుకున్నారు? వెనక టేపు వేలాడుతోంది. నలుగురిలో, అందరూ నా మొహమే చూస్తుంటే, వేళ్ళతో దాన్ని పీకి ఉండచుట్టాను. లోపం లేదు కాకా అన్నప్పుడు అది నా పిడికిట్లో ఉంది. బగారన్నం ఒక చేత్తో తిన్నాను, రెండో చెయ్యి విప్పలేదు.

ఇది వాళ్ళకు చెప్తానా? ఇప్పుడు కలిసిపోయారు కదా, మళ్ళీ కెలకడం ఎందుకు అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆ మాట వాళ్ళ మంచి కోసం అంటున్నానా, నా కోసమా? పొరపాటు చేసిన మనిషిని తిడుతున్నారు వాళ్ళు. దాచిన మనిషిని ఇంకా ఎవరూ తిట్టలేదు. తెలియదు. రేపు చెప్తానేమో. చెప్పనేమో.

చూశాను. తెలిసే అతికించాను. తెలిసే పీకేశాను.

హమ్మయ్య.